పక్కింటి మేడ నీడ పడే సందులో ఏ పూలమొక్క వేస్తే తుమ్మెదలు వస్తాయి?

సందులో పెరడు (విజయనగరం), జూన్ 4

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. గంటస్తంభం నుంచి నడిచి వచ్చేంత దూరం. మా ఇంటికి దక్షిణం వైపు, గోడకీ ప్రహరీకీ మధ్య నాలుగడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల పొడవు సందు ఉంది. ఒకప్పుడు అక్కడ బంతి, చేమంతి బాగా పూసేవి. మూడేళ్ళ కిందట పక్కవాళ్ళు పెంకుటిల్లు పడగొట్టి మూడంతస్తులు లేపారు. ఇక అంతే, మా సందులో ఎండ అనేది లేదు. బంతి వేస్తే నిలువునా సాగి, తల వాల్చేసి, రెండు పూలు పూసి ఊరుకుంటోంది. సిమెంటు చేయించేస్తే బట్టలుతుక్కోవడానికైనా పనికొస్తుందని మా అత్తగారు. నేను ససేమిరా అంటున్నాను.

నాకు అసలు ఈ పురుగు పట్టింది మేడ మీద వంగమొక్కల వల్ల. పోయిన చలికాలం పన్నెండు బకెట్లలో వంగ వేశాను. పూత విరగబూసింది. కాయ మాత్రం మొక్కకి మూడో నాలుగో. మిగతా పూలన్నీ తొడిమతో సహా రాలిపోతే పొద్దున్నే చీపురుతో ఎత్తేదాన్ని. నాలుగు ఆదివారాలు వరసగా కాఫీ గ్లాసు పట్టుకుని ఏడింటికి అక్కడే కూర్చుని చూశాను. చీమలు తప్ప ఏమీ రాలేదు. చిన్నప్పుడు వంగమడిలో చెవి దగ్గర తుమ్మెద రొదకి అదిరిపడేవాళ్ళం. ఇప్పుడు ఒక్కటీ లేదు.

తుమ్మెదల కోసమని ఆన్‌లైన్‌లో అడవి పూల విత్తనాల ప్యాకెట్ తెప్పించాను. నవంబర్‌లో సందులో చల్లితే కాస్మాస్, జినియా, ఇంకేవో పేరు తెలియనివి మొలిచి, దారాల్లా సాగి, పడిపోయాయి. ప్యాకెట్ మీద బొమ్మలో కొండ నిండా పూలే. ఏ దేశపు కొండో మరి. నర్సరీకి వెళ్ళి నీడలో పూసేది ఇమ్మంటే పీస్ లిల్లీ చేతిలో పెట్టారు. తెల్లగా, ముద్దుగా ఉంది. దాని మీద ఈగ కూడా వాలలేదు.

నాకు కావలసింది ఒకసారి వేస్తే ఏళ్ళ తరబడి ఉండే మొక్క. మన కొండల్లోనో పొలం గట్ల మీదో తనంతట తాను బతికేది. నీడకి ఓర్చుకోవాలి, తుమ్మెదలో తేనెటీగలో రావాలి. మా పుట్టిల్లు కవిటి దగ్గర. అమ్మావాళ్ళ తోటలో పనసచెట్ల కింద, దడి పొడుగునా డిసెంబర్ పూలుండేవి. అవి నీడలోనే పూసేవని గుర్తు. కానీ అవి జడలో పెట్టుకునే పూలు కదా, అడవి పూలెలా అవుతాయి? తెలిసినవాళ్ళు చెప్పండి.

కుండీల బొబ్బిలి, జూన్ 4

అంత ఆలోచన ఎందుకండీ, చిటపట కాయల మొక్క వేసేయండి. ఊదారంగు పూలు, కాయ మీద ఉమ్ము వేస్తే టప్‌మని పేలుతుంది, చిన్నప్పుడు అందరం ఆడుకున్నదే. నీడైనా ఎండైనా దానికి ఒకటే. పైసా ఖర్చు లేదు, ఏ ఖాళీ స్థలంలోనైనా దొరుకుతుంది. అచ్చమైన మన మొక్క.

బోటనీ మాస్టారు (శ్రీకాకుళం), జూన్ 5

అమ్మా, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. డిసెంబర్ పూలే వేయండి. జడలో పెట్టుకున్నంత మాత్రాన అడవిపువ్వు కాకుండా పోదు. దీని శాస్త్రీయ నామం బార్లేరియా క్రిస్టాటా, 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు. ఇంగ్లీషులో ఫిలిప్పీన్ వయొలెట్ అంటారు. నిజానికి దాని పుట్టుక ఫిలిప్పీన్స్ కాదు, అది వయొలెట్ జాతీ కాదు. మన దేశం నుంచి బర్మా, దక్షిణ చైనా దాకా అడవుల్లో సహజంగా పెరిగే మొక్క. అడ్డసరం, కనకాంబరం, ముళ్ళగోరింట దీని చుట్టాలు.

ఇప్పుడు మీ సందు సంగతి. ఎండ లేదన్నారు. ఈ వారంలో మబ్బు లేని రోజు చూసి, మధ్యాహ్నం పన్నెండుకి అక్కడ నిలబడి నాకు మళ్ళీ రాయండి. విజయనగరం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మధ్య నుంచి జులై చివరి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరానికే ఉంటాడు. దక్షిణాన ఎంత మేడ ఉన్నా ఆ వేళ మీ సందుకి నీడ ఇవ్వలేదు. డిసెంబర్ 21న మధ్యాహ్నం అదే సూర్యుడు సుమారు 48 డిగ్రీల ఎత్తుకి మించి లేవడు. ముప్ఫై మూడడుగుల మేడ నీడ అప్పుడు ఇరవై తొమ్మిది అడుగులు పడుతుంది. అంటే మీ సందుకి వేసవిలో నిప్పులు, చలికాలంలో నీడ. పీస్ లిల్లీ లాంటిది మేలో మాడిపోతుంది, బంతి డిసెంబర్‌లో సాగిపోతుంది. మీకు రెండూ ఓర్చుకునేది కావాలి.

ఇదే వరస మన తూర్పు కనుమల్లో ఆకురాల్చే అడవిలోనూ ఉంటుంది. వేసవిలో చెట్లు మోడుబారితే నేల మీద మొక్క ఎండలో కాలుతుంది. వానలు పడి పైన ఆకు కమ్ముకుంటే నీడలో పెరుగుతుంది. డిసెంబర్ మొక్క అలాంటి చోట పుట్టిందే. మీ పక్కింటివాళ్ళు తెలియక మీకో చిన్న అడవి కట్టించి ఇచ్చారు. అయితే చిమ్మచీకటి మూల మాత్రం వద్దు. పైకి చూస్తే ఆకాశం కనిపించే చోటే దానికి పూత.

వంగ గురించి కూడా చెప్పాలి. వంగపువ్వులో తేనె ఉండదు, పుప్పొడి ఒక్కటే. ఆ పుప్పొడి కూడా పసుపు గొట్టాల్లాంటి కేసరాల లోపల దాగి, కొసన చిన్న రంధ్రంలోంచి మాత్రమే రాలుతుంది. పెట్టెల్లో పెంచే తేనెటీగకి దాన్ని రాల్చడం రాదు. నల్ల తుమ్మెదా, పొట్ట మీద నీలి చారలుండే తేనెటీగా పువ్వుని పట్టుకుని ఒళ్ళంతా అదిరిస్తాయి. మీరు చిన్నప్పుడు విన్న రొద అదే. వాటికి పుప్పొడి మీ వంగలో దొరికినా, కడుపుకి తేనె వేరేచోట దొరకాలి. దగ్గరలో తేనె లేని మేడకి అవి ఎందుకొస్తాయి? చలికాలం వంగ పూసే రోజుల్లోనే డిసెంబర్ పూలు పూస్తాయి కాబట్టి మీకు ఇది సరిగ్గా కుదిరింది.

కానీ తప్పంతా తుమ్మెదల మీదకి నెట్టకండి. వంగ తన పుప్పొడితో తనే కాయగలదు, గాలికి ఊగినా కొంత పని జరుగుతుంది. రాలిన పువ్వు ఒకటి తీసి చూడండి. పసుపు కేసరాల మధ్యలోంచి ఆకుపచ్చ మొన బయటికి పొడుచుకుని వచ్చి ఉంటే అది కాయ కట్టే పువ్వు. మొన లోపలే పొట్టిగా ఉండిపోతే దేవుడే వచ్చి వాలినా అది రాలిపోతుంది. అలాంటివి ఎక్కువగా ఉంటే మొక్కకి బలం చాలలేదేమో చూసుకోవాలి.

బొబ్బిలి మిత్రులకు: చిటపట కాయల మొక్క మనది కాదండీ. రుయెల్లియా ట్యూబరోసా, అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చింది. మన గట్ల మీద ఎంత పాతుకుపోయిందంటే మనదే అనుకుంటున్నాం. గడ్డిచేమంతి కూడా అంతే.

ఉద్దానం జీడితోట, జూన్ 5

మాస్టారూ, మీరలా అంటే మా జీడిచెట్టు కూడా బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ళు తెచ్చిందే. పలాసలో సగం మంది అన్నం దాని మీదే తింటున్నారు. రేపు దాన్ని కూడా పరాయిదంటారా? మిరపకాయ, టమాటా సంగతేమిటి? :)

అప్పా, మీది కవిటి అంటే మాకు పక్కనే. మొక్క కొనకండి. మా తోటలో తెలుపు, ఊదా, తెలుపు మీద ఊదా చారలది, మూడు రకాలూ ఉన్నాయి. 2018లో తిత్లీ తుఫానుకి మా పెద్ద పనసలు రెండు, కొబ్బరి సగం పోయాయి. కింద నీడంతా పోయింది. ఈ డిసెంబర్లు చచ్చిపోతాయనుకున్నాం. తర్వాత రెండేళ్ళు ఎర్రటి ఎండలో ఆకు చిన్నదైపోయి, గిడసబారి, అయినా పూశాయి. ఇప్పుడు కొత్త మొక్కలు పెరిగి మళ్ళీ నీడ వచ్చింది, అవీ నవనవలాడుతున్నాయి. దాని ఓర్పుకి నేను సాక్షి.

ఆరుద్ర కార్తెలో గుచ్చండి. పెన్సిలంత లావు కొమ్మ, మరీ లేతది వద్దు, మరీ ముదురు వద్దు. నాలుగు కణుపులుండేలా కోసి, రెండు కణుపులు మట్టిలోకి, రెండు పైకి. కింది ఆకులు గిల్లేయాలి. పైవాటిని సగానికి కత్తిరించాలి. ఎర్రమట్టి, ఇసుక సమానంగా కలిపితే చాలు, అప్పుడే గత్తం (పెంట ఎరువు) వేస్తే కుళ్ళిపోతాయి. ఇరవై గుచ్చితే పదిహేను బతుకుతాయి. బస్సులో సోంపేట నుంచి తడి గోనెలో చుట్టి పంపిస్తాను, మీవాళ్ళెవరైనా బస్సు కాంప్లెక్సులో తీసుకోవాలి. మెసేజ్ పెట్టండి.

బోటనీ మాస్టారు, జూన్ 6

జీడిని నేనేమీ అనలేదు బాబూ! జీడిపూతకి తేనెటీగలు ముసురుతాయి, నిజమే. తేనె తాగడానికి వచ్చే పురుగు మొక్క పాస్‌పోర్టు చూడదు. తేడా వచ్చేది గుడ్లు పెట్టేటప్పుడు. సీతాకోకచిలుక పిల్ల ఏ ఆకు పడితే ఆ ఆకు తినదు. తరతరాలుగా ఏ మొక్కతో కలిసి బతికిందో దాన్నో, దాని దగ్గరి చుట్టాన్నో తింటుంది. డిసెంబర్ ఆకు మీద పాన్సీ జాతి సీతాకోకచిలుకలు పెరుగుతాయి. బొబ్బిలివారి కోసం ఒక మాట ఒప్పుకుంటాను: చిటపట మొక్క కూడా ఆ కుటుంబందే కాబట్టి పాన్సీలు కొన్ని దాన్నీ తింటాయి. అయినా నాలుగడుగుల సందులో దాన్ని వేస్తే రెండేళ్ళలో మీ మెట్ల సందుల్లోంచి కూడా మొలుస్తుంది. పీకలేరు, దుంపవేరు.

వానాకాలానికి ఇంకోటి కావాలంటే చెంగల్వకోష్టు రెండు దుంపలు వేయండి. మన కొండవాగుల పక్కన నీడలో పెరిగేదే, తెల్లటి పెద్ద పువ్వు, నల్ల తుమ్మెదలు లోపలికంటా దూరిపోతాయి. చలికాలం పైన ఎండిపోతుంది, చచ్చిందనుకుని తవ్వేయకండి. చిత్రమూలం కూడా నీడకి మంచిదే, జీబ్రా బ్లూ అనే చిన్న నీలి సీతాకోకచిలుక దాని మీద పెరుగుతుంది. అయితే దాని వేరు రసం చర్మం మీద పడితే బొబ్బలెక్కుతాయి. ఇంట్లో చిన్నపిల్లలో కడుపుతో ఉన్నవాళ్ళో ఉంటే వద్దు.

శ్రీకాకుళం సుబ్బి, జూన్ 7

ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, సందులో పొదలు పెంచితే పాములు, దోమలు రావా? మా పెద్దమ్మ ఇంట్లో నందివర్ధనం పొదలో కట్లపాము కనపడింది.

సందులో పెరడు, జూన్ 8

మాస్టారూ, ఓడిపోయాను. నేను తొమ్మిదిన్నరకి ఆఫీసుకి బయల్దేరితే ఇంటికొచ్చేసరికి ఆరున్నర. ఇల్లు కట్టినప్పటి నుంచి పనిదినంలో మధ్యాహ్నం ఆ సందు చూడనేలేదు. నిన్న ఆదివారం పన్నెండుకి చెప్పుల్లేకుండా వెళ్ళాను, కాళ్ళు కాలాయి. రెండింటికి మళ్ళీ నీడ వచ్చేసింది. ఈ లెక్క మా పిల్లాడికి చెబితే నమ్మక, కర్ర పాతి నీడ కొలుస్తున్నాడు.

సుబ్బిగారూ, మంచి ప్రశ్నే. నేలకి ఆనుకునే కొమ్మలు ఒక అడుగు ఎత్తు దాకా తీసేసి, మొక్కకీ మొక్కకీ రెండడుగులు వదిలి ఒకే వరస వేద్దామనుకుంటున్నాను. కింద నేల కనిపిస్తుంటే పాము ఎక్కడ దాక్కుంటుంది? దోమలకి నిలవ నీరు కావాలి గానీ పువ్వులు కాదు. మా అత్తగారికి మాత్రం ఈ జవాబు నచ్చలేదు.

ఉద్దానం తమ్ముడూ, చారలవి ఎక్కువ పంపించు.

బోటనీ మాస్టారు, జూన్ 8

ఒక మాట మర్చిపోయాను. ఆ నేలంతా ఆకులతోనూ కొబ్బరిపీచుతోనూ కప్పేయకండి. ప్రహరీ పక్కన రెండు జానల మేర వట్టి నేల వదలండి. నీలి చారల తేనెటీగ తుట్టె కట్టదు. ఆడది ఒక్కతే మట్టిలోనో మట్టిగోడలోనో బొరియ తవ్వుకుని గుడ్లు పెడుతుంది. సిమెంటు చేయిస్తే వాటికి ఇల్లు ఉండదు. నల్ల తుమ్మెదకి ఎండిన వెదురుముక్క ఒకటి గోడకి కట్టండి, లేదంటే మీ తలుపు దూలం మీద కన్ను పడుతుంది.

సందులో పెరడు, అక్టోబర్ 19

ఇరవైకి పద్నాలుగు బతికాయి. మోకాలెత్తు వచ్చాయి. ఇప్పుడు కొత్త గొడవ. మూడు మొక్కల మీద నల్లటి గొంగళ్ళు, ఒంటినిండా కొమ్మలు కొమ్మలుగా ముళ్ళు. ఒక మొక్కకి ఈనెలే మిగిలాయి. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మా అత్తగారు వంగకి కొట్టే పురుగుమందు కలిపి, కొంగు ముక్కుకి కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. చేతిలోంచి స్ప్రేయర్ లాక్కుని ఇది రాస్తున్నాను. త్వరగా చెప్పండి, ఎక్కువసేపు ఆపలేను.

బోటనీ మాస్టారు, అక్టోబర్ 19

కొట్టవద్దని అమ్మగారికి నా మాటగా చెప్పండి. మునగచెట్టుకి గుంపులుగా పట్టే దురద గొంగళ్ళు వేరు, వాటికి మెత్తటి పొడుగు వెంట్రుకలుంటాయి. మీరు చెప్పిన ముళ్ళ గొంగళి పాన్సీదే అయి ఉంటుంది. ఆ ముళ్ళు చూడ్డానికే, దురద పుట్టించవు. రెండు మూడు వారాల్లో గూడు కట్టి ఎగిరిపోతాయి. మొక్కకి వేళ్ళు బాగున్నాయి, మళ్ళీ చిగురేస్తుంది. వంగకి కూడా ఆ మందు ఇక మానండి. తుమ్మెదల్ని రమ్మని పిలిచి పైన విషం పెడితే ఎలా? పోయినేడు కూడా పూత మీద కొట్టారా?

సందులో పెరడు, అక్టోబర్ 19

కొట్టాం మాస్టారూ. వారానికోసారి. ఈ సంగతి మొదటి పోస్టులో రాయలేదు, సిగ్గేసి కాదు, అసలు తట్టలేదు.

సందులో పెరడు, జనవరి 11

చాలా రోజులకి వచ్చాను. నవంబర్ రెండో వారంలో మొదటి పువ్వు విచ్చింది, చారలదే. అప్పటి నుంచి ఆపకుండా పూస్తున్నాయి. ఈనెలే మిగిలిన మొక్క కూడా చిగురించింది, పూత కాస్త ఆలస్యం అంతే. గొంగళ్ళలో ఒకటి కిటికీ ఊచకి తలకిందులుగా వేలాడి గూడు కట్టింది. అందులోంచి గోధుమరంగు సీతాకోకచిలుక వచ్చింది, రెక్కల మీద కళ్ళలాంటి చుక్కలున్నాయి. మా అత్తగారు దాన్ని చూసి ఏమీ అనలేదు, కానీ స్ప్రేయర్ అటక మీదకి చేరింది.

వంగ: ఈసారి మందు కొట్టలేదు, బకెట్లో గత్తం పెంచాను, పన్నెండు బకెట్లలో ఆరింటికి మాత్రం రోజూ పొద్దున పూల వెనక వేలితో తట్టాను. మొక్కకి పది, పన్నెండు కాయలు దిగాయి. తట్టినవాటికీ తట్టనివాటికీ తేడా ఏమీ కనబడలేదు. తుమ్మెదే నా పని కూడా చేస్తోందో, నాకు తట్టడమే రాలేదో మరి. ఎనిమిదిన్నర దాటాక నల్ల తుమ్మెద వస్తోంది. పువ్వుని కావలించుకుని రొద పెడితే పువ్వు మొత్తం కిందికి వంగిపోతుంది. నేను ఏడింటికి వచ్చి లేచిపోవడం వల్లే ఇన్నాళ్ళూ చూడలేదు.

కొత్త తగువేమిటంటే, ధనుర్మాసం కదా, మా అత్తగారు చీకటితో లేచి గొబ్బెమ్మల కోసం పూలన్నీ దులిపేస్తున్నారు. తుమ్మెదలకి మిగలట్లేదు. రెండు రోజులు మూతి ముడుచుకున్నాక ఒప్పందానికి వచ్చాం: దారి వైపు పూలు గొబ్బెమ్మలకి, గోడ వైపువి ముట్టుకోకూడదు. మొన్న తెల్లవారుజామున ఆవిడే నన్ను లేపారు. టార్చి పట్టుకుని గోడ వైపు ఎండుపుల్ల ఒకటి చూపించారు. దాని మీద ఏడు తేనెటీగలు వరసగా, కాళ్ళు ముడుచుకుని, నోటితో పుల్లని కరిచి పట్టుకుని నిద్రపోతున్నాయి. పొట్ట మీద నీలి చారలు టార్చి వెలుగులో మెరిశాయి. ఆ పుల్ల విరవొద్దని పనమ్మాయికి ఆవిడే చెప్పారు.

మాస్టారూ, అవి నోటితో ఎందుకు వేలాడతాయి? ఇంకొకటి, గింజలు పట్టాలంటే ఎలా? కాయ ఎండిందని చేయి పెట్టేలోపే టప్పున పేలి ఎటో పోతోంది.

బోటనీ మాస్టారు, జనవరి 12

అవి మగవి అమ్మా. ఆడవాటికి బొరియ ఉంటుంది, మగవాటికి ఇల్లు లేదు. చీకటి పడేసరికి ఇలా ఏదో ఒక పుల్ల చూసుకుని గుంపుగా పడుకుంటాయి. చాలాసార్లు రోజూ అదే పుల్లకి వస్తాయి.

కాయలు ఆకుపచ్చ పోయి గోధుమరంగు తిరుగుతుండగానే కొమ్మ చివరికి పాత వాయిల్ గుడ్డ సంచిలా కట్టేయండి. పేలినా గింజలు అందులోనే పడతాయి, కాయకి నాలుగుకి మించి ఉండవు. పూత అయిపోయాక ఫిబ్రవరి చివర్లో మొక్కని అడుగున్నర ఎత్తుకి కత్తిరించండి. ఆ కొమ్మలు పారేయకుండా సుబ్బిగారికి పంపండి.

శ్రీకాకుళం సుబ్బి, జనవరి 12

నాకు తెల్లవి. పొద కింద అడుగు ఖాళీ ఉంచుతాను.

ఉద్దానం జీడితోట, జనవరి 13

తెల్లవి నా దగ్గరే ఉన్నాయి సుబ్బిగారూ, వాళ్ళ మొక్కలు ఇంకా పసివి, కొయ్యకండి. సంకురాత్రి అయ్యాక బస్సుకి వేస్తాను. అప్పా, మీ అత్తగారిని అడిగానని చెప్పండి.